చిరుత – చీతా : రెండు పేర్ల పుట్టుపూర్వోత్తరములు

మన కళాశాలలో ఉర్దూ మాతృభాషగా గల విద్యార్థులును, తెలుగు మాతృభాషగా గల విద్యార్థులును ఒకే బల్లపై కూర్చుండి చదువుకొనుచున్నారు. ఉర్దూ పాఠమును తెలుగునకును, తెలుగు పాఠమును ఉర్దూకును మార్చి వ్రాయుట వీరికి నిత్యకృత్యము. ఇట్టి అనువాదములలో తరచుగా ఎదురగు చిక్కు ఒకటి కలదు. ఉర్దూ వాక్యములో 'చీతా' అని కనబడినంతనే తెలుగు వ్రాతలో తడవుకొనక 'చిరుత' అని వ్రాయుదురు. తెలుగు వాక్యములో 'చిరుత' అని యున్నచో ఉర్దూలో 'చీతా' అని వ్రాయుదురు. రెండు మాటలును 'చ'కారముతోనే మొదలగుచున్నవి. రెండు మృగములకును ఒంటినిండ చుక్కలే. కనుక రెండును ఒకే మాటకు రెండు రూపములని విద్యార్థులు తలంచుటలో వింత లేదు.

కాని ఇవి రెండు వేర్వేరు మాటలు. వీని పుట్టుక వేరు, అర్థము వేరు, ఇవి సూచించు జంతువులును వేరు. ఒకటి నేటికిని మన నల్లమలలోను, లంకమలలోను, శేషాచలము కొండలలోను తిరుగాడుచున్నది. రెండవది మన దేశమున అంతరించినదని 1952లో భారత ప్రభుత్వమే ప్రకటించినది. ఉన్నదాని పేరును లేనిదానికి పెట్టినచో, లేనిది కూడ ఉన్నట్లే తోచును. కాబట్టి ఇది పరీక్షలో ఒకటి రెండు మార్కులకు సంబంధించిన విషయము మాత్రమే కాదు. ఈ రెండు పేర్ల చరిత్రను కొంత విపులముగా పరిశీలించుటకు ఈ వ్యాసమున ప్రయత్నించుచున్నాము.

చిరుత

'చిరుతపులి' అను సమాసమున రెండు మాటలు కలవు. 'పులి' అందరికిని తెలిసినదే. 'చిరుత' అనగా చిన్నది. చిరునవ్వు, చిరుగాలి, చిరుతిండి, చిరుజల్లు అను మాటలలో కనబడు 'చిరు' శబ్దమే ఇచ్చటను ఉన్నది. చిరుతప్రాయము అనగా లేతవయస్సు. ప్రాచీన కావ్యభాషలో 'చిరుత' అనిన చిన్నబిడ్డ అను అర్థమును కలదు. శ్రీనాథుని హరవిలాసములో కథానాయకుడైన చిరుతొండనంబి పేరును ఇచ్చట స్మరింపవచ్చును. 'చిరు' అనగా చిన్న, 'తొండ' అనగా సేవకుడు లేక భక్తుడు. తాను అల్పుడనని చెప్పుకొను వినయము ఆ పేరులో ఇమిడియున్నది. ఇట్లు చూచినచో చిరుతపులి అనగా చిన్నపులి అనియే అర్థము. గీతల పెద్దపులితో పోల్చి, దానికంటె ఆకారమున చిన్నదగుటచే మన పూర్వులు దీనికి ఈ పేరు పెట్టిరి. కాలక్రమమున 'పులి' జారిపోయి, విశేషణముగా నుండిన 'చిరుత' ఒక్కటియే మృగమునకు పేరుగా నిలిచినది.

ఈ వ్యుత్పత్తికి బలమైన సాక్ష్యము మన ప్రాచీన లిపిలోనే ఉన్నది. పాత గ్రంథములలోను, పాత నిఘంటువులలోను ఈ మాటను బండి 'ఱ'తో 'చిఱుత' అని వ్రాసిరి. ఈ శకటరేఫము సంస్కృతమున లేదు. అది ద్రావిడ భాషల సొత్తు. సోదర భాషలను చూచినను ఇదియే తేలుచున్నది. తమిళమున చిన్న అను అర్థమున 'చిఱు' అను మాట కలదు. వారు ఈ మృగమును 'చిఱుత్తై' అందురు. కన్నడిగులు 'చిరతె' అందురు. మూడు భాషలలోను ఒకే ధాతువు, ఒకే భావము. కనుక 'చిరుత' అచ్చమైన దేశ్యపదము. దానికి సంస్కృతముతో గాని, ఉర్దూతో గాని సంబంధము లేదు.

చీతా

ఇక 'చీతా' సంగతి. ఇది ఉర్దూలోను, హిందీలోను వాడుకలో నున్న మాట. ఉర్దూ మాట యనగానే పారసీకము నుండియో, అరబ్బీ నుండియో వచ్చి యుండునని మన విద్యార్థులు తలంతురు. కాని ఈ మాట సంస్కృత జన్యము. సంస్కృతమున 'చిత్ర' అనగా రంగురంగులది, మచ్చలు గలది. 'చిత్రక' అనగా మచ్చల మృగము. ఆ చిత్రకమే ప్రాకృతములలో సంయుక్తాక్షరము కరగి, క్రమముగా 'చీతా' అయినది. చుక్కల దుప్పిని ఉర్దూలో 'చీతల్' అందురు. అదియు చిత్ర శబ్దము నుండి పుట్టినదే. రంగుల పూవులు అచ్చు వేసిన నూలుబట్టను ఉత్తరాదిన 'ఛీంట్' అనిరి. మన వైపున చీటిగుడ్డ అనిరి. కోరమండల తీరము నుండి ఐరోపాకు ఓడలలో వెళ్ళిన ఆ బట్ట అక్కడ 'చింట్జ్' అయినది. చీతా, చీతల్, ఛీంట్ అను మూడును ఒక తల్లి బిడ్డలే. మన తెలుగులో 'చిత్తరువు' అను మాట కూడ ఆ చిత్ర శబ్దపు సంతతికి చెందినదే.

ఇచ్చట గమనింపదగిన విశేషము ఒకటి కలదు. చిరుత అను తెలుగు మాట ఆకార పరిమాణమును బట్టి పుట్టినది. చీతా అను ఉర్దూ మాట ఒంటి మీది మచ్చలను బట్టి పుట్టినది. తెలుగువాడు ఆ మృగమును పెద్దపులి ప్రక్క నిలిపి కొలిచినాడు. ఉత్తరాది వాడు దాని తోలును చూచినాడు. పేరు పెట్టువాని చూపు ఎచ్చట నిలిచినదో పేరే చెప్పును. సంస్కృతమున ఇట్టి మృగములకే 'ద్వీపి' అను మరొక అందమైన పేరు కలదు. అమరకోశము దీనిని పులి పర్యాయములలో చేర్చినది. ద్వీపి అనగా ద్వీపములు గలది. పసుపుపచ్చని తోలుపై నల్లని మచ్చలు నీటి నడుమ లంకలవలె నున్నవని ఆ పేరు పెట్టినవాని ఊహ.

గ్రీకుల ఊహ మరొక విధమైనది. సింహమును వారు 'లియోన్' అనిరి. మచ్చల మృగమును 'పార్డోస్' అనిరి. ఈ రెంటికి పుట్టిన సంకరజాతి మృగమున్నదని నమ్మి, రెండు పేర్లను జోడించిరి. నేడు ఆంగ్లేయులు చిరుతపులిని పిలుచు 'లెపర్డ్' అను పేరు ఆ నమ్మకము నుండియే వచ్చినది. నమ్మకము పోయినది, పేరు మిగిలినది.

పారసీకమున చీతాకు 'యూజ్' అనియు, చిరుతపులికి 'పలంగ్' అనియు వేర్వేరు పేర్లు గలవు. నేటి ఇరానులో చీతాను 'యూజ్‌పలంగ్' అందురు. ఉర్దూలోను శిష్టులు చిరుతపులిని 'తేందువా' అనియే వ్రాయుదురు. 'గుల్‌బాఘ్' అను పేరును ఉన్నది. 'గుల్' అనగా పూవు. పూలపూల పులి అని దాని భావము. కనుక చక్కని అనువాదము చేయదలచిన విద్యార్థి చిరుతకు తేందువా అనియు, చీతాకు చీతా అనియు వ్రాయుట ఉత్తమము. మన ప్రాంతపు దక్కనీ మాటలో చిరుతపులిని కూడ చీతా అనుట వాడుకయే. ఇంటి మాటగా దానిని తప్పు పట్టవలసిన పని లేదు. కాని గ్రంథ భాషలో వివేచన అవసరము.

ధ్వని సామ్యము చేయు మోసము

రెండు మాటలు ఒకే విధముగా వినబడినంత మాత్రమున వాటికి చుట్టరికము కలుపరాదు. భాషాశాస్త్రమున విద్యార్థి నేర్వవలసిన తొలి పాఠమిది. ఇందులకు పులి పేరులోనే చక్కని ఉదాహరణములు ఉన్నవి.

పులిహోరలో పులి లేదు. అందలి 'పులి' పులుపునకు సంబంధించినది. తమిళులు ఈ రెండు మాటలను రెండు వేర్వేరు 'ల'కారములతో వ్రాయుదురు. మృగము 'పులి', చింతపండు 'పుళి'. తెలుగున ఆ భేదము చెరగిపోగా రెండును ఒకటిగా వినబడుచున్నవి. నెల్లూరు సరిహద్దున నున్న పులికాటు సరస్సు పేరును విని అక్కడ పులులు కాట్లాడినవని కథలు అల్లవచ్చును. కాని ఆ ఊరి అసలు పేరు తమిళమున 'పళవేర్కాడు'. అది విదేశీయుల నోట పులికాట్ అయినది. ఆ పేరులో పులి జాడయే లేదు. మరి మన కడప జిల్లాలోని పులివెందుల సంగతి యేమి? పులిమందల అను పేరు అట్లు మారినదని స్థానికులు చెప్పుదురు. ఆ ఊరి చుట్టునున్న కొండలను చూచినవారికి ఆ మాట అసంభవముగా తోచదు.

ఉర్దూలోను ఇట్టి చిక్కులు కొల్లలు. 'బాఘ్' అనగా పులి. సంస్కృత 'వ్యాఘ్ర' శబ్దము ప్రాకృతముగా మారి, అట్లు వచ్చినది. 'బాగ్' అనగా తోట. అది పారసీకము. హైదరాబాదులోని బాగ్-ఎ-ఆమ్ ప్రజల తోటయే కాని ప్రజల పులి కాదు! ఉర్దూ లిపిలో ఈ రెంటికి అక్షరములు వేరు. తెలుగు లిపిలో ఒత్తు జారినచో భేదము మాయమగును. 'పలంగ్' మాట మరింత వింతైనది. పారసీకమున అది చిరుతపులి. మన ఇండ్లలో అది మంచము. మంచమను అర్థము గల పలంగ్ సంస్కృత 'పర్యంక' శబ్దము నుండి వచ్చినది. రెండును ఉర్దూలో ఒకే విధముగా వ్రాయబడును. కవి పలంగ్ అన్నప్పుడు పరుండవలెనో, పరుగెత్తవలెనో సందర్భమును బట్టి తెలిసికొనవలెను.

ఇక మన పొరుగు జిల్లా పేరు చిత్తూరు. దీనిని చిత్ర శబ్దముతో ముడిపెట్టవలెనని ఎవరికైనను తోచును. కాని తమిళమున 'చిట్రూరు' అనగా చిన్న ఊరు. చిత్తూరు పేరునకు ఆ వ్యుత్పత్తినే చెప్పుదురు. అనగా ఆ ఊరి పేరు చీతాకు కాక, చిరుతకు చుట్టమగుచున్నది! చెవికి దగ్గరైనది వంశమున దూరము. చెవికి దూరమైనది వంశమున దగ్గర.

ఇట్టి విచారమునకు మన సీమలోనే గొప్ప పునాది పడినది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చి, అచ్చట ఒక బంగళాను కొని, పండితులను చేరదీసి తెలుగు గ్రంథములను పరిష్కరింపజేసెను. ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడినది. అటుపిమ్మట 1854లో ఆయన మరొక నిఘంటువును ప్రకటించెను. అది మిశ్రభాషా నిఘంటువు. కచ్చేరీలలోను, అంగళ్ళలోను తెలుగువారి నోట నలుగుచుండిన హిందూస్తానీ, పారసీక, ఇంగ్లీషు మాటలు అందు చేర్చబడినవి. తెలుగు, ఉర్దూ ఒకే వీథిలో ఇరుగుపొరుగుగా బ్రతికిన భాషలని గ్రహించి, ఆ ఇరుగుపొరుగుతనమునకు ఒక గ్రంథమును కేటాయించిన మహానుభావుడాయన. కడపలో ఆయన పేర భాషా పరిశోధన కేంద్రము నేటికిని కలదు. మన విద్యార్థులు ఒక్కసారియైనను దానిని దర్శింపవలెను.

రెండు మృగములు

పేర్ల భేదము చెప్పితిమి. మృగముల భేదము చెప్పనిదే విషయము పూర్తి కాదు. చిరుతపులి బలిష్ఠమైన ఒడలు గలది. దాని మచ్చలు విడివిడి చుక్కలు కావు. నడుమ ఖాళీ యుండి, చుట్టును నల్లని రేకులు గల పూలవలె నుండును. ఉర్దూ కవి హృదయము దానిని గుల్‌బాఘ్ అనుటలో ఔచిత్యమున్నది. చిరుత చెట్లెక్కును. తాను చంపిన జంతువును కొమ్మలపైకి ఈడ్చుకొనిపోవును. రాత్రివేళ, మాటువేసి వేటాడును. అడవిలోను, రాతి గుట్టలలోను, ఊరి పొలిమేరలలోను కూడ బ్రతుకగలదు. అందుచేతనే అది నేటివరకు మిగిలియున్నది.

చీతా సన్నని నడుము, పొడవైన కాళ్ళు, చిన్న తల గలది. దాని మచ్చలు నిండుగా నల్లనైన గుండ్రని చుక్కలు. కంటికొన నుండి నోటివరకు కన్నీటి చారవంటి నల్లని గీత ఉండును. ఈ గీత చిరుతకు లేదు. చీతా గోళ్ళు పిల్లి గోళ్ళవలె పూర్తిగా లోపలికి ముడుచుకొనవు. అవి పరుగునకు పట్టునిచ్చును. భూమిపై పరుగెత్తు మృగములలో దీనిని మించినది లేదు. గంటకు సుమారు 100 కిలోమీటర్ల వేగము నందుకొనును గాని, ఆ వేగము కొన్ని క్షణములు మాత్రమే. పగటివేళ, బయలు ప్రదేశమున, చూపుమేర పరుగెత్తి జింకను పట్టును. సింహమువలె, పులివలె గర్జింపలేదు. దానికి కావలసినది విశాలమైన గడ్డిబయలు. మన కర్నూలు సీమలోని నల్లరేగడి మైదానములు, అందు గుంపులుగా తిరుగు కృష్ణజింకలు అట్టి మృగమునకు తగిన తావులు.

పేరు జారిన విధము

దక్కను రాజులు చీతాలను మచ్చిక చేసి జింకల వేటకు వాడిరి. 12వ శతాబ్దమున కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసమున చీతాలతో వేటాడు విధానము వర్ణింపబడినది. మొగలాయీ దర్బారులో ఈ వేట పరాకాష్ఠ నందుకొన్నది. అబుల్ ఫజల్ తన ఐనీ అక్బరీలో చీతాల పోషణకు ఒక ప్రకరణమునే కేటాయించెను. అక్బరునకు ప్రీతిపాత్రమైన ఒక చీతా పేరు 'సమంద్ మాణిక్'. దానిని పల్లకీలో మోయించి, ముందు నగారా మ్రోగించెడివారు. ఆ పేరును గమనింపుడు. సమంద్ పారసీకము, మాణిక్ సంస్కృతము. ఒక మూగజీవి పేరులోనే రెండు భాషలు చేయి కలిపినవి. అక్బరు తన జీవితకాలమున తొమ్మిది వేల చీతాలను సేకరించినట్లు ఆయన కుమారుడు జహంగీరు వ్రాసెను.

ఈ వైభవములోనే వినాశ బీజమున్నది. బందీగా నున్న చీతా పిల్లలను కనుట బహు అరుదు. మొగలాయీల కాలమున అట్టి సంఘటన ఒక్కటి, జహంగీరు కాలమున, లిఖితమైనది. కనుక దర్బారునకు కావలసిన ప్రతి చీతాను అడవి నుండియే పట్టి తేవలసి వచ్చెను. తరతరములుగా అట్లు పట్టుచుండగా అడవిలో వాటి సంఖ్య తరిగిపోయినది. గడ్డిబయళ్ళు దున్నబడి పొలములైనవి. జింకలు తగ్గినవి. తుపాకి వచ్చినది. మన ఆంధ్ర దేశపు సంస్థానములలోను వేటచీతాలు ఉండెడివి. 1880లో విశాఖపట్టణమున గవర్నరు ఏజెంటుగా నుండిన ఇర్విన్ దొర, విజయనగరము మహారాజావారి చీతా చేసిన గాయములచే మరణించెను.

19వ శతాబ్దపు జంతుశాస్త్ర గ్రంథములలో చీతాకు తెలుగుపేరు 'చీతాపులి' అనియు, కన్నడ నామము 'సివంగి' అనియు వ్రాయబడినవి. అనగా ఆనాటి తెలుగువాడు చిరుతపులిని, చీతాపులిని వేర్వేరుగా ఎరుగును. ఇరువురును అతని పొలిమేరలోనే ఉండెడివారు గనుక పొరపాటు పడుటకు వీలు లేదు. సివంగి మాట తెలుగునను ఉన్నది. కాని నేడు సివంగి యనగానేమి? కొందరు ఆడ సింహమందురు. కొందరు దుమ్ములగొండి యందురు. పౌరుషము గల స్త్రీని 'ఆడ సివంగి' అని పొగడుదురు. కన్నడ, తమిళ భాషలలో మాత్రము అది చీతాకే పేరు. మృగము కనుమరుగు కాగా, దాని పేరు దిక్కులేనిదై తెలుగునాట ఒక మృగము నుండి మరొక మృగమునకు తిరిగినది.

చీతా అను పేరునకును అదియే గతి పట్టినది. మదరాసు రాజధానిలోని దొరలు చిరుతపులిని చూచి చీతా అనిరి. వారి మాటను బట్టి మనవారును అనిరి. నిజమైన చీతా ఎదుట నిలిచి 'అది నేను కాను' అని చెప్పుటకు మిగిలి యుండలేదు. 1947లో నేటి ఛత్తీస్‌గఢ్‌లోని కొరియా సంస్థానాధిపతి మూడు చీతాలను కాల్చి చంపెను. ఉత్తరాదిన కడపటివిగా అవియే లెక్కకు వచ్చుచున్నవి. అటుపిమ్మట 1952లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘ పత్రికలో, నాడు మదరాసు రాష్ట్రమున నుండిన చిత్తూరు జిల్లాలో చీతా కనబడినట్లు ఒక చిన్న నివేదిక ప్రచురింపబడెను. ఈ దేశమున చీతా చివరి జాడలలో ఒకటి మన రాయలసీమదే యని దీనివలన తెలియుచున్నది. అదే సంవత్సరమున ప్రభుత్వము ఆ జాతి అంతరించినదని ప్రకటించెను. తన సొంత నేలపై తన పేరు కూడ దక్కని మృగమది.

నేటి అవసరము

2022 సెప్టెంబరు 17వ తేదీన నమీబియా నుండి 8 చీతాలను తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనో వనమున విడిచిరి. 2023 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుండి మరి 12 వచ్చినవి. ఆ వార్తలను చదివి, 'శేషాచలమున కావలసినన్ని ఉండగా ఆఫ్రికా నుండి విమానములలో తెప్పించుట ఎందులకు?' అని ఆశ్చర్యపడినవారు మనలో లేకపోలేదు. ప్రశ్న అమాయకమైనది. తప్పు ప్రశ్నించిన వానిది కాదు, పేరుది. చిరుతయే చీతా యని నమ్మినవానికి ఈ దేశమున ఏదో పోయినదని ఎట్లు తెలియును? పోయినదని తెలియనివాడు ఎట్లు విచారపడును?

రెండవ వైపు నుండి చూచినను నష్టమే. 2023 ఆగస్టులో అలిపిరి కాలినడక మార్గమున చిరుతపులి ఒక పసిబాలికను పొట్టన పెట్టుకొన్నది. ఆ విషాదము తరువాత పలు చిరుతలను బోనులలో బంధించిరి. చిరుత రాత్రి సంచరించునది, మాటు వేయునది, చెట్లెక్కునది అని ఎరిగినవాడే పిల్లలను ఎట్లు కాపాడుకొనవలెనో ఎరుగును. పగటివేళ బయలులో పరుగెత్తు చీతాను గూర్చి చదివినది ఇచ్చట అక్కరకు రాదు. కొండదారిన నడచువానికి మృగము పేరు సరిగా తెలియుట ప్రాణరక్షణకు తొలిమెట్టు.

పేరు నిలుచుట వలన మేలు జరిగిన ఉదాహరణము కూడ మన సీమలోనే కలదు. 1848లో జెర్డన్ అను శాస్త్రజ్ఞుడు లోకమునకు తెలిపిన ఒక పక్షి 1900 తరువాత ఎవ్వరికిని కనబడక అంతరించినదని భావింపబడెను. 86 సంవత్సరముల పిమ్మట, 1986 జనవరిలో, కడప జిల్లాలో అది మరల దొరికినది. దొరికించినవారు స్థానికులైన పిట్టలవేటగాండ్రు. పండితలోకము మరచిన ఆ పక్షి పల్లెవారి నోట 'కలివికోడి'గా నిలిచినది. కలివిపొదల నడుమ తిరుగునది గనుక ఆ పేరు. పక్షి ఉనికి ఎచ్చట వెదకవలెనో పేరులోనే ఉన్నది. దాని రక్షణకు శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది.

ఇందుకు విరుద్ధముగా, నేటి నంద్యాల జిల్లాలోని రోళ్ళపాడు బయళ్ళలో ఒకప్పుడు పేరెన్నికగన్న బట్టమేకపిట్ట ఇప్పుడు కనబడుటయే అరుదైనది. మరి యొక తరము గడచునప్పటికి బట్టమేక యనగా ఏదో ఒక జాతి మేక యని మన పిల్లలు వ్రాయుదురేమో! సివంగికి పట్టిన గతి దానికి పట్టకుండ చూచుకొనవలసినది మనమే.

పీర్ల పండుగనాడు మన ఊళ్ళలో పులివేషము కట్టువారిని అందరును చూచి యుందురు. ఒంటికి పసుపురంగు పూసి నల్లని చారలు దిద్దుకొన్నవాడు పెద్దపులి. చుక్కలు దిద్దుకొన్నవాడు చిరుత. వేషము కట్టువానికి ఆ భేదము బాగుగా తెలియును. పులిని చూచి నక్క వాత పెట్టుకొన్నదను సామెత చెప్పువారికిని పులి ఒంటిమీద నుండునవి చారలని తెలియును. ప్రజలు ఎరిగినదానిని పండితులు మరువరాదు.

విద్యార్థులకు మా విన్నపమొక్కటి. ఈ సెలవులలో మీమీ ఊళ్ళకు వెళ్ళినప్పుడు గొర్రెల కాపరులను, అడవికి పోవువారిని, ఇంటనున్న తాతలను, నానమ్మలను, దాదీలను అడిగి, అడవి జంతువులకు, పక్షులకు వారు వాడు పేర్లను వ్రాసికొని రండు. ఒక వరుసలో తెలుగుపేరు, మరొక వరుసలో మన దక్కనీ పేరు, మూడవ వరుసలో ఊరి పేరు, నాల్గవ వరుసలో ఆ జంతువును వారు చివరిసారి ఎప్పుడు చూచిరో వ్రాయుడు. నాల్గవ వరుసను మాత్రము ఎవ్వరును విడువవద్దు. కళాశాల కమిటీవారు అనుమతించినచో, వచ్చు సంచికలో ఉర్దూ విభాగమువారును, తెలుగు విభాగమువారును కలిసి ఆ పట్టికను రెండు లిపులలోను ప్రకటింపవచ్చును. దానికి నాలుగు పుటలు చాలును.